బొగ్గు గనులు ప్రభుత్వపరమైన క్రమం: యెల్లందు నుంచి ఝరియా దాకా

మన దేశంలో బొగ్గు గనులను ఎప్పుడు జాతీయం చేశారని అడిగితే ఎక్కువ మంది చెప్పే సమాధానం 1973. ఒక మార్కు ప్రశ్నకు అది చాలు. కానీ ఆ సంవత్సరం వచ్చిన చట్టానికి జతచేసిన జాబితాను తీసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. అందులో 711 గనుల పేర్లు, వాటి యజమానుల పేర్లు, ఒక్కో గనికి చెల్లించవలసిన మొత్తాలు వరసగా ఉంటాయి. మనకు బాగా తెలిసిన సింగరేణి గనుల పేర్లు మాత్రం అందులో లేవు. కారణం సులభం. అప్పటికి 28 ఏళ్ళ కిందటే సింగరేణి ప్రభుత్వం చేతికి వచ్చింది.

అంటే బొగ్గు మీద ప్రభుత్వ యాజమాన్యం ఒకే రోజున, ఒకే చట్టంతో, ఒకే కారణంతో రాలేదు. ఒకచోట వాటాలు కొనడం వల్ల, ఒకచోట రైల్వేల అవసరం వల్ల, మరొకచోట ఆర్డినెన్సు వల్ల వచ్చింది. ఏ గని ముందు ప్రభుత్వపరమైంది, ఏది తరవాత అయింది అన్న వరసను గమనిస్తే అసలు కారణాలు బయటపడతాయి. ఈ పాఠంలో మనం చేయబోయే పని అదే.

ముందుగా ఒక మాట గురించి జాగ్రత్త అవసరం. తెలుగులో 'యాజమాన్యం' అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాం. ఆస్తి ఎవరిదో చెప్పడానికీ అదే మాట, దాన్ని నడిపేవారిని చెప్పడానికీ అదే మాట. "యాజమాన్యం చర్చలకు పిలిచింది" అని కార్మికులు అన్నప్పుడు వారి ఉద్దేశం మేనేజర్లు. బొగ్గు చరిత్రలో ఈ రెండూ వేరువేరు తేదీలలో మారాయి. అందుచేత ఇక్కడ ఆస్తి హక్కును 'యాజమాన్య హక్కు' అనీ, నడిపే అధికారాన్ని 'నిర్వహణ' అనీ అందాం. వీటికి తోడు మూడోది ఒకటుంది: భూమి లోపలి ఖనిజం మీద హక్కు. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లనే విద్యార్థులు తరచుగా తికమకపడతారు.

హైదరాబాద్ రాజ్యం: వాటాలు కొని తెచ్చుకున్న గనులు

1870ల ఆరంభంలో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ గోదావరి లోయలో, నేటి యెల్లందు ప్రాంతంలోని సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు ఉందని నిర్ధారించాడు. భద్రాచలం యాత్రికులు పొయ్యి పెట్టుకున్న నల్లరాళ్ళే అంటుకున్నాయన్న కథ కూడా ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. అది కథే గాని, బొగ్గు అక్కడ నేలకు ఎంత దగ్గరలో ఉండేదో సూచిస్తుంది.

బొగ్గు ఉందని తెలియగానే తవ్వకం మొదలు కాలేదు. రైలు లేకుండా బొగ్గును తరలించలేరు, బొగ్గు లేకుండా రైలును చౌకగా నడపలేరు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన రైలు మార్గం 1889 నాటికి బెజవాడను చేరింది. యెల్లందులో తవ్వకాలు మొదలైందీ ఆ 1889లోనే. ఈ రెండూ ఒకేసారి జరగడం యాదృచ్ఛికం కాదు.

తవ్వే హక్కు మాత్రం అప్పటికే చేతులు మారింది. 1886లో నిజాం ప్రభుత్వం ఇద్దరు ఆంగ్లేయులకు రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ళ కన్సెషన్ ఇచ్చింది. వారు లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీని రిజిస్టరు చేయించారు. కంపెనీ వాటాలలో అధిక భాగం నగదు చెల్లించకుండానే కన్సెషన్‌దారుల చేతికి వెళ్ళింది. నిజాం తరఫున ఈ బేరం నడిపిన అధికారి అబ్దుల్ హక్, తన చేతికి వచ్చిన వాటాలను ఎక్కువ ధరకు తన ప్రభుత్వానికే అమ్మాడన్న ఆరోపణ పెద్ద దుమారం లేపింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక సెలెక్ట్ కమిటీని వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. కన్సెషన్ మాత్రం పోలేదు. ప్రజల ఆస్తి ప్రైవేటు చేతికి ఎలా పోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం మన ప్రాంతంలో మరొకటి దొరకదు.

1920 డిసెంబర్ 23న హైదరాబాద్ కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. దక్కన్ కంపెనీ ఆస్తులు, అప్పులు దానికి బదిలీ అయ్యాయి. బెస్ట్ అండ్ కంపెనీ దానికి కార్యదర్శిగా, అమ్మకాల ఏజెంటుగా వ్యవహరించింది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం ఈ కంపెనీలో మెజారిటీ వాటాలు కొన్నది. చట్టం చేసి స్వాధీనం చేసుకోలేదు, ఉద్యమం ఒత్తిడితోనూ తీసుకోలేదు. ఒక వాటాదారు మరో వాటాదారుకు డబ్బు ఇచ్చి కొనుక్కున్నట్లే కొన్నది. ఆ తరవాత కూడా 1949 దాకా హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజింగ్ ఏజెంటుగా ఉంది. అంటే ఆస్తి ప్రభుత్వానిది, నిర్వహణ ఏజెంటుది. పైన చెప్పిన తేడా ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. 1945లో 'ప్రభుత్వ' యాజమాన్యం అంటే ఎవరి యాజమాన్యం? ఆ ప్రభుత్వాన్ని ప్రజలు ఎన్నుకోలేదు. నిజాం రాజ్యంలో వెట్టిచాకిరీకి, జాగీర్దారీకి వ్యతిరేకంగా ఊళ్ళు కదులుతున్న కాలం అది. బొగ్గు బాయిలో దిగే కార్మికుడికి వాటాలు ఎవరి పేరున ఉన్నాయన్నదానికంటే కూలి ఎంత, బాయిలో గాలి ఎలా ఉంది అన్నవే ముఖ్యం. ప్రభుత్వ యాజమాన్యం, ప్రజాస్వామ్యం కవల పిల్లలని అనుకోవడం మన పాఠ్య పుస్తకాలు తరచు చేసే పొరపాటు.

1956లో రాష్ట్రాల పునర్‌వ్యవస్థీకరణతో ఈ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. తరవాత కేంద్రం కూడా వాటాదారుగా చేరింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

రాణిగంజ్, ఝరియా: తవ్వి పారేసిన సంపద

దేశంలో బొగ్గు ఎక్కువగా దొరికిన బెంగాల్–బీహార్ ప్రాంతంలో కథ వేరుగా నడిచింది. 1774లోనే రాణిగంజ్‌లో ఈస్టిండియా కంపెనీ అనుమతితో తవ్వకం మొదలైంది గాని, అది నిలదొక్కుకోలేదు. 1836లో ద్వారకానాథ్ టాగోర్‌కు చెందిన కార్, టాగోర్ అండ్ కంపెనీ రాణిగంజ్ గనిని కొన్నది. 1843లో బెంగాల్ కోల్ కంపెనీ ఏర్పడింది. 1855లో రైలు రాణిగంజ్ చేరాక బొగ్గు నిజమైన వ్యాపారమైంది. 1890లలో ఝరియాకు రైలు వచ్చింది. 1900లో సుమారు 61 లక్షల టన్నులుగా ఉన్న దేశ ఉత్పత్తి 1920 నాటికి 1 కోటి 80 లక్షల టన్నులయింది.

ఈ ప్రాంతంలో శాశ్వత శిస్తు పద్ధతి అమలులో ఉండటం వల్ల భూగర్భంలోని ఖనిజం కూడా తమదేనని జమీందార్లు వాదించి నిలబెట్టుకున్నారు. టన్నుకు ఇంత అని రాయల్టీ తీసుకుని నేలను చిన్నచిన్న ముక్కలుగా లీజులకు ఇచ్చారు. పక్కపక్కనే వందలాది చిన్న గనులు వెలిశాయి. ఇద్దరు లీజుదారుల మధ్య సరిహద్దుగా బొగ్గు గోడను వదిలిపెట్టాలి. అన్ని గోడలలో చిక్కుకున్న బొగ్గు ఎవరికీ దక్కదు. పెద్ద గనులు కలకత్తాలోని ఆండ్రూ యూల్, బర్డ్ వంటి మేనేజింగ్ ఏజెన్సీల చేతిలో ఉండేవి. వాటి లెక్క కమీషన్ మీద, ఆ ఏటి అమ్మకం మీద ఆధారపడి ఉండేది.

తవ్వే పద్ధతిని కూడా కొంచెం తెలుసుకోవాలి. భూమి లోపల బొగ్గు పొరలో గ్యాలరీలు తవ్వుకుంటూ పోతారు, పైకప్పు కూలకుండా మధ్యలో బొగ్గు స్తంభాలను వదులుతారు. వీటిని పిల్లర్లు అంటారు. చివరకు ఆ పిల్లర్లను కూడా తీయాలంటే ఖాళీ అయిన చోటును ఇసుకతో నింపుకుంటూ రావాలి. ఇసుకకు ఖర్చవుతుంది. లాభం చూసుకునే యజమాని ఇసుక నింపకుండానే పిల్లర్లను సన్నగా చెక్కి, అందినంత మంచి బొగ్గు తీసుకుని, మిగిలినదాన్ని వదిలేసి వెళ్ళేవాడు. పైకప్పు కూలేది. లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలి దానంతట అదే అంటుకునేది. ఝరియాలో 1916లో గుర్తించిన మంటలు అలాంటివే. వందేళ్ళు దాటినా ఆ క్షేత్రంలో నేల కింద మంటలు ఆరలేదు. ఈ తవ్వకాన్ని ఆ కాలపు నిపుణులు 'కసాయి తవ్వకం' అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. మాట కఠినమే, కానీ అతిశయోక్తి కాదు.

ఇదంతా ప్రభుత్వానికి తెలియక జరగలేదు. 1920లో ఒక కమిటీ, 1937లో బర్రోస్ కమిటీ, 1946లో మహీంద్రా కమిటీ వరసగా ఈ వృథాను ఎత్తి చూపాయి. ఖనిజ హక్కులను ప్రభుత్వమే తీసుకోవాలని మహీంద్రా కమిటీ సూచించింది. వలస ప్రభుత్వం నివేదికలు రాయించుకోవడంలో చూపిన శ్రద్ధ వాటి అమలులో చూపలేదు.

కార్మికుల విషయంలోనూ అంతే. ఝరియా, రాణిగంజ్‌లలో భర్త బొగ్గు కొడితే భార్య తట్టలతో మోసి టబ్బులు నింపడం మామూలు పద్ధతి. మహిళలను భూగర్భంలో పనికి దించడాన్ని 1929 నిబంధనలతో దశలవారీగా తగ్గించి 1937లో పూర్తిగా నిషేధించారు. యుద్ధకాలంలో బొగ్గు కావలసి వచ్చేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేసి, 1946లో మళ్ళీ పెట్టారు. బొగ్గు అవసరం ముందు, కార్మికుల రక్షణ వెనక అన్న ఈ వరసను గుర్తుంచుకోండి. ముందు ముందు మళ్ళీ ఎదురవుతుంది.

స్వాతంత్ర్యం తరవాత: మొదట ఖనిజం, తరవాత గని

1948 పారిశ్రామిక విధాన తీర్మానం కొత్త బొగ్గు సంస్థలను ప్రభుత్వానికే కేటాయించింది, ఉన్నవాటిని మాత్రం పదేళ్ళ దాకా కదిలించబోమని హామీ ఇచ్చింది. 1956 తీర్మానం బొగ్గును ప్రభుత్వ రంగానికి కేటాయించిన పరిశ్రమల పట్టికలో చేర్చింది. అదే ఏడాది జాతీయ బొగ్గు అభివృద్ధి సంస్థ ఏర్పడింది. దాని చేతికి వచ్చిన తొలి గనులు రైల్వేలవి. ఇంజన్లకు బొగ్గు కోసం రైల్వేలు చాలాకాలంగా సొంత గనులు నడుపుకుంటూ ఉండేవి. బెంగాల్–బీహార్ క్షేత్రాల్లో ప్రభుత్వ రంగానికి పునాది సామ్యవాదం కాదు, రైలింజను.

ఇదే కాలంలో బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో జమీందారీ రద్దు చట్టాలు వచ్చాయి. వాటితో జమీందారు చేతిలోని ఖనిజ హక్కు రాష్ట్ర ప్రభుత్వానికి చేరింది. లీజుదారు మాత్రం గనిలో అలాగే ఉన్నాడు. భూమి లోపలి బొగ్గు ప్రజలది, దాన్ని తవ్వే బాయి మాత్రం ప్రైవేటుది. బ్రిటన్‌లో కూడా ఇలాగే రెండు మెట్లలో జరిగింది. 1938 చట్టంతో భూస్వాముల రాయల్టీ హక్కులు ప్రభుత్వానికి చేరే ఏర్పాటు జరిగి 1942లో అమలైంది. గనులు 1947 జనవరి 1న జాతీయమయ్యాయి. అక్కడ రెండు మెట్ల మధ్య 5 ఏళ్ళు, ఇక్కడ దాదాపు 20 ఏళ్ళు.

1967లో బొగ్గు ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. అదే ఏడాది వేతన బోర్డు సిఫార్సులు అమలులోకి రావలసి ఉంది. చాలామంది ప్రైవేటు యజమానులు వాటిని పట్టించుకోలేదు. భవిష్య నిధికి కట్టవలసిన సొమ్ము కూడా బకాయి పడింది. 1965 మే 28న ధోరీ గనిలో పేలుడు జరిగి 268 మంది చనిపోయారు. అది ప్రైవేటు గని. జాతీయం చేయాలన్న వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం ఏం కావాలి? అయినా అప్పటికప్పుడు ఏమీ జరగలేదు.

1971 అక్టోబర్ నుంచి 1973 మే దాకా

కదలిక ఉక్కు నుంచి వచ్చింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు నడుస్తున్నాయి, బొకారో కడుతున్నారు. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కోక్ కావాలి, కోక్‌కు ప్రత్యేక రకం బొగ్గు కావాలి. అది దేశంలో కొద్దిగానే ఉంది, అందులోనూ ముఖ్యభాగం ఝరియాలో ఉంది. పిల్లర్లను చెక్కి వదిలేస్తున్నది సరిగ్గా ఆ బొగ్గునే.

ఉక్కు, గనుల శాఖ మంత్రి మోహన్ కుమారమంగళం. ఒకప్పటి కమ్యూనిస్టు, వృత్తిరీత్యా న్యాయవాది. 1971 అక్టోబర్‌లో ఆర్డినెన్సుతో కోకింగ్ బొగ్గు గనుల నిర్వహణను ప్రభుత్వం చేపట్టింది. ముందుగా చెబితే యంత్రాలు, రికార్డులు మాయమవుతాయన్న భయంతోనే ఆర్డినెన్సు దారి పట్టారని అర్థమవుతుంది. 1972 మే 1 నుంచి అమలయ్యేలా చట్టం చేసి 214 గనుల యాజమాన్య హక్కు తీసుకుని భారత్ కోకింగ్ కోల్ లిమిటెడ్‌కు అప్పగించారు. టాటా, ఇండియన్ ఐరన్ ఉక్కు కంపెనీల సొంత గనులను వదిలేశారు. ఉక్కు కోసమే గనులు తీసుకుంటున్నప్పుడు ఉక్కు కంపెనీల గనులు తీసుకోవలసిన పని లేదని వారి తర్కం.

సాధారణ బొగ్గు గనుల వంతు 15 నెలల తరవాత వచ్చింది. 1973 జనవరి చివర నిర్వహణ, మే 1 నుంచి యాజమాన్య హక్కు. అవే మొదట్లో చెప్పుకున్న 711 గనులు. కార్మికుల దుస్థితే ప్రధాన కారణమైతే అందరికంటే ముందు ఈ చిన్న గనులనే తీసుకోవాలి. అక్కడే పరిస్థితి మరీ అన్యాయంగా ఉండేది. కోకింగ్ బొగ్గు ముందు, మిగిలినది తరవాత అన్న వరసే అసలు కారణాన్ని చెబుతుంది. కార్మిక సంక్షేమం ఒక నిజమైన కారణమే గాని, మొదటి కారణం కాదని ఈ రచయిత అభిప్రాయం.

ఈ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 1973 మే 30న లభించింది. మరునాడే, మే 31న, ఢిల్లీ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో కుమారమంగళం మరణించారు.

'నష్టపరిహారం' కాదు, 'మొత్తం'

చట్టంలో యజమానులకు ఇచ్చేదాన్ని 'నష్టపరిహారం' అనలేదు, 'మొత్తం' అన్నారు. ఈ ఒక్క మాట వెనుక పెద్ద కథ ఉంది. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు, పరిహారం సరిగా లేదని ఆ చట్టాన్ని కొట్టేసింది. దానికి జవాబుగా 25వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అధికరణ 31లో 'నష్టపరిహారం' తీసేసి 'మొత్తం' అని పెట్టారు. పరిహారమైతే ఆస్తి విలువకు సమానంగా ఉందా అని కోర్టు అడగవచ్చు. మొత్తమైతే ఎంతైనా మొత్తమే. 1972 ఏప్రిల్‌లో సవరణ అమలులోకి వచ్చింది, మే 1 నుంచి కోకింగ్ గనులు జాతీయమయ్యాయి. తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి.

ఊరుకోని కొన్ని బొగ్గు కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. రాజనీతిశాస్త్రంలో మీరు చదివే కేశవానంద భారతి కేసుతో కలిపి విన్న పిటిషన్లలో అవి కూడా ఉన్నాయి. 1973 ఏప్రిల్ 24న వచ్చిన ఆ తీర్పు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని చెప్పింది, అయితే 'మొత్తం' అన్న మార్పును నిలబెట్టింది. కేశవానంద అనగానే మఠం భూములే గుర్తుకొస్తాయి గాని, ఆ కోర్టు గదిలో బొగ్గు కూడా ఉంది.

చేతులు మారాక

నిర్వహణ చేపట్టిన రోజుల్లో కొన్ని గనులలో హాజరు పట్టీలే పెద్ద సమస్యగా మారాయి. ప్రభుత్వ ఉద్యోగం అవుతుందని తెలియగానే ఎన్నడూ బాయి దిగనివారి పేర్లు మస్టర్లలోకి ఎక్కాయి, ఏళ్ళ తరబడి తట్ట మోసినవారి పేర్లు లేకుండా పోయాయి. కాంట్రాక్టరు కింద పనిచేసినవారు, అందులోనూ మహిళలు, తాము కార్మికులమేనని రుజువు చేసుకోలేకపోయారు. చట్టం గని పేరును స్పష్టంగా రాసింది, మనిషి పేరును రాయలేదు.

పేర్లు నిలిచినవారి జీవితం మారిందన్నదీ నిజమే. 1975 జనవరి 1 నుంచి మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అమలైంది. యజమాని దయమీద, గుత్తేదారు లెక్కమీద ఆధారపడిన కూలి స్థానంలో నెల జీతం, గ్రేడు, భవిష్య నిధి వచ్చాయి. ఉత్పత్తి కూడా పెరిగింది. 1971–72లో 7 కోట్ల టన్నుల పైచిలుకు ఉన్నది 1975–76 నాటికి దాదాపు 10 కోట్లకు చేరింది. 1973 చివరలో చమురు ధరలు పెరగడం కూడా బొగ్గుకు గిరాకీ తెచ్చింది కాబట్టి ఈ పెరుగుదల మొత్తాన్ని జాతీయీకరణ ఖాతాలో వేయకూడదు. 1975 నవంబర్ 1న కోల్ ఇండియా ఏర్పడింది. సింగరేణి దాని బయటే ఉండిపోయింది.

కోల్ ఇండియా పుట్టి రెండు నెలలు నిండకముందే, 1975 డిసెంబర్ 27న, ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 370 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అది ఇండియన్ ఐరన్ కంపెనీ గని. జాతీయీకరణ జాబితాలో లేదు. అయితే ఆ కంపెనీ నిర్వహణను 1972లోనే ప్రభుత్వం చేపట్టింది. ధోరీ ప్రైవేటు నిర్వహణలో, చాస్‌నాలా ప్రభుత్వ నిర్వహణలో. పక్కనున్న పాత గనిలో నిలిచిన నీటికి, పనిచేసే చోటుకు మధ్య ఎంత బొగ్గు గోడ మిగిలిందన్న లెక్క యజమాని మారినంత మాత్రాన మారదు.

తరవాతి దశకాలలో భూగర్భ గనుల కంటే ఓపెన్‌కాస్ట్ గనులకు ప్రాధాన్యం పెరిగింది. దీనితో ఒక కొత్త వర్గం ఈ చరిత్రలోకి వచ్చింది: నేల కోల్పోయేవారు. 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం ప్రైవేటు గనుల కాలంలోనే ఉన్నా, దాని బరువు తెలిసింది ఓపెన్‌కాస్ట్ కాలంలోనే. ఝార్ఖండ్‌లోనూ, గోదావరి లోయలోనూ ఈ భారం ఎక్కువగా ఆదివాసులు, చిన్న రైతుల మీద పడింది.

వెనక్కి తిరిగిన దారి

1976 సవరణ ప్రైవేటు లీజులను రద్దు చేసింది, ఉక్కు కంపెనీలకు సొంత వాడకం కోసం మినహాయింపు ఉంచింది. 1993లో ఆ మినహాయింపును విద్యుత్ కంపెనీలకూ ఇచ్చారు. అలా పంచిపెట్టిన బ్లాకులలో 204 కేటాయింపులను 2014లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2015లో వేలానికి కొత్త చట్టం వచ్చింది. 1972, 1973 జాతీయీకరణ చట్టాలను 2018 జనవరిలో రద్దు చేశారు. పత్రికలలో పెద్ద చర్చ కూడా లేకుండా, పనికిరాని పాత చట్టాల ఏరివేతలో భాగంగా అవి వెళ్ళిపోయాయి. 2020 నుంచి సొంత వాడకం షరతు లేకుండా, అమ్ముకోవడానికే బ్లాకులను వేలం వేస్తున్నారు.

1973 చట్టం తాకని సింగరేణిని ఈ వేలం మాత్రం తాకింది. గోదావరి లోయలోని నాలుగు బ్లాకులను వేలంలో పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ సింగరేణి కార్మిక సంఘాలు 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సమ్మె చేశాయి. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణి ఖని ఆ బ్లాకులు. గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్నవారు ఆ మూడు రోజులను చూసే ఉంటారు. ఇంట్లో పెద్దవారిని అడిగితే ఏ బాయి ఎప్పుడు తెరిచారో, ఏది ఎందుకు మూశారో తేదీలతో సహా చెబుతారు. రాసి పెట్టుకోండి.